అత్తయ్య మాట నా నోట

ఆరో తరగతిలో మా టీచరుగారు ఏడాది పొడవునా నన్ను వేరే అమ్మాయి పేరుతో పిలిచారు. ఆ అమ్మాయి వేసవి సెలవుల్లోనే బడి మారిపోయింది. హాజరు పట్టీలో ఆమె పేరు కొట్టేయలేదు, నా పేరు ఎక్కించలేదు. మొదటి రోజు ఆయన ఆ పేరు చదివి తలెత్తి చూస్తే, ఇంకా పలకకుండా మిగిలిన పిల్లను నేనొక్కదాన్నే. "నువ్వేనా?" అన్నారు. తల ఊపాను. మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాటికి అది ఇంకా కష్టమైంది. వారం గడిచేసరికి ఇక చెప్పలేననిపించింది. ప్రోగ్రెస్ కార్డు ఇంటికి తెచ్చినప్పుడు నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదెవరి కార్డు తెచ్చావే?" అన్నాడు. అది నాదేనని చెప్పడానికి కూడా అక్క కావాల్సి వచ్చింది.

అక్క నాకంటే రెండేళ్ళు పెద్ద. మాది పెదకాకాని దాటాక లోపలికి వెళ్ళే ఊరు. మిరప, పత్తి, కాలువ కింద కాస్త వరి. ఆ ఊళ్ళో అందరూ గట్టిగా మాట్లాడతారు. పక్కింటివాళ్ళతో మాట్లాడినా పొలం అవతలి గట్టు మీదున్న మనిషితో మాట్లాడినట్టే ఉంటుంది. ఆ గోలలో నాకు ఏం కావాలన్నా అక్కే అడిగేది. "మా చెల్లికి మంచినీళ్ళు కావాలంట." "మా చెల్లికి కడుపులో నొప్పంట." నేను అక్క జడ చివర పట్టుకుని వెనక నిలబడేదాన్ని. అక్క తోడు లేకుండా ఒకసారి బస్సెక్కి, మా స్టేజీ దగ్గర ఆపమని కండక్టరుకి చెప్పలేక, రెండు ఊళ్ళు దాటిపోయి దిగి, ఎండలో నడుచుకుంటూ ఇంటికొచ్చాను. ఆలస్యమెందుకైందని అమ్మ అడిగితే, బస్సు లేటన్నాను.

నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా అక్కకు పెళ్ళయింది. అప్పగింతల దగ్గర అందరూ అక్క కోసం ఏడ్చారు. నేను మాత్రం నా కోసమే ఏడ్చాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

తర్వాత మూడేళ్ళకి నాకు సంబంధం వచ్చింది. పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకు తల్లి నన్ను ఏం చదివావు, వంట వచ్చా, పొలం పని తెలుసా అని అడిగితే మూడింటికీ అమ్మే జవాబు చెప్పింది. చివర్లో తన కూతురి గొప్ప గుణం చెబుతున్నట్టు, "మా పిల్లకి నోట్లో నాలుక లేదండి. ఏం చెప్పినా చేసుకుపోద్ది" అంది. ఆవిడ పకపకా నవ్వింది. "మా ఇంటికి సరిపడా నోరు నాకుందిలేమ్మా. రెండోది అక్కర్లేదు" అంది. ఆ మాటతో సంబంధం ఖాయమైపోయింది.

అత్తయ్యవాళ్ళది పర్చూరు వైపు ఊరు. అక్కడి నేల నల్లగా ఉంటుంది, వాన పడితే కాలు పీకినా రాదు. మావయ్య పోయేనాటికి మా ఆయనకి పదేళ్ళు, మా వదినకి, అంటే ఆయన అక్కకి, పద్నాలుగు. అప్పటి నుంచి పొలం చూసింది అత్తయ్యే. నీళ్ళ వంతు దగ్గర, ఎరువుల కొట్టు దగ్గర, గుంటూరు మిర్చి యార్డులో బస్తాల మధ్య, అంతా మగవాళ్ళే ఉండే చోట నిలబడి అరిచి అరిచి ఆవిడ గొంతు అలా తయారైంది. పెరట్లో నిలబడి పిలిస్తే రోడ్డు మీద టీ బంకులో కూర్చున్న కొడుకు గ్లాసు వదిలేసి లేచి వచ్చేవాడు. "నోరు లేకపోతే ఈ పొలం మనకి మిగిలేది కాదమ్మాయ్" అని నాతో చాలాసార్లు అంది.

నిజం చెప్పాలంటే ఆ ఇల్లు నాకు హాయిగా ఉండేది. అంత పెద్ద గొంతు పక్కన నేను మాట్లాడడం లేదన్న సంగతే ఎవరికీ తట్టలేదు. మా ఆయనది కూడా తక్కువ మాటే. ఆయన చెప్పాల్సినవి కూడా అత్తయ్యే చెప్పేసేది. ఒకసారి పన్ను నొప్పిని మూడు వారాలు దాచి, చెంప వాచాక బయటపడ్డాను. "చెప్పొచ్చుగా" అన్నారాయన, గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్తూ. ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియలేదని ఆయనకి కూడా చెప్పలేకపోయాను.

నా కూతురు ఒకటో తరగతిలో చేరిన ఏడాది అత్తయ్య మెడ దగ్గర గడ్డ లేచింది. థైరాయిడ్ అన్నారు, ఆపరేషన్ చేయాలన్నారు. గొంతు నరం ఆ గడ్డకి ఆనుకుని ఉంది, మాట దెబ్బతినొచ్చని డాక్టరుగారు ముందే కూర్చోబెట్టి చెప్పారు. అత్తయ్య అంతా విని, "మాట పోతే పోయిద్ది, మనిషి ఉండాలిగా" అని కాగితం మీద వేలిముద్ర వేసింది.

మనిషి బాగానే లేచి తిరిగింది. మాట మాత్రం పోయింది. పూర్తిగా పోలేదు, గాలి మిగిలింది. ఆవిడ నోటి దగ్గర చెవి పెడితే, ఎండుటాకు మీద నడిచినట్టు కొన్ని మాటలు వినిపించేవి. ఆరు నెలలు పట్టొచ్చు, ఏడాది పట్టొచ్చు, మొత్తం రాకపోవచ్చు కూడా అన్నారు. అత్తయ్యకి చదువు రాదు కాబట్టి రాసి చూపించే దారి లేదు. మొదటి వారం గరిటెతో పళ్ళెం మీద కొట్టి పిలిచేది. మా ఆయన దగ్గరికొచ్చి వంగి, అర్థంకాక రెండుసార్లు "ఏందమ్మా?" అంటే మూడోసారికి ఆవిడకి కోపం వచ్చి మొహం తిప్పుకునేది. నేను వెళ్ళి వంగితే మొదటిసారికే అందేది. చిన్నప్పటి నుంచి నేను చేసిన పని వినడమే కదా.

అలా ఆవిడ మాట నా నోటికి వచ్చింది. మొదట ఇంట్లోనే. "అత్తయ్య మజ్జిగ అడుగుతున్నారు." "అత్తయ్య ట్రాక్టరు తాళం ఎక్కడ పెట్టారంటున్నారు." తర్వాత పాలవాడితో, తర్వాత ఫోనులో. మిరప మొదటి కోతకి వచ్చేసరికి అది పొలం దాకా వెళ్ళింది.

కోతకి ముప్పై మందికి పైగా ఆడవాళ్ళు ఆటోల్లో వచ్చేవారు. మొహాలకి తువ్వాళ్ళు చుట్టుకుని సాళ్ళలోకి దిగితే కళ్ళు తప్ప ఏమీ కనపడవు. ఏటా అత్తయ్య గట్టు మీద నిలబడి ఈ చివరి నుంచి ఆ చివరికి వినపడేలా పని నడిపించేది. ఆ రోజు కూడా గట్టెక్కింది. నా జబ్బ పట్టుకుని పక్కన నిలబెట్టుకుని చెవిలో చెప్పింది. ఎడమ పక్కవాళ్ళు రెండు సాళ్ళు వదిలేసి పోతున్నారు, వెనక్కి రమ్మను.

"రెండు సాళ్ళు వదిలేశారండీ" అన్నాను.

ఎవరూ తలెత్తలేదు. ముఠాకి పెద్ద అయిన మేస్త్రమ్మ ఒక్కతే దగ్గర్లో ఉంది. ఆమె తువ్వాలు దించి, "ఎవరితో చెబుతున్నావమ్మా, గాలితోనా?" అంది. చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. గట్టు దిగి ఇంటికి పోదామనుకున్నాను. అత్తయ్య నా జబ్బ వదల్లేదు. తన అరచెయ్యి నా పొట్ట మీద పెట్టి నొక్కి, "ఇక్కణ్ణించి" అంది. గాలిలోనే అంది, అయినా అది అరుపులాగే తగిలింది.

రెండోసారి అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. బొంగురుగా, వేరెవరిదోలా ఉంది. ఎడమ పక్కవాళ్ళు ఆగి వెనక్కి చూశారు. వదిలేసిన సాళ్ళలోకి వచ్చారు. అంతే. ఆకాశం ఏమీ విరిగిపడలేదు.

ఆ తర్వాత రోజులు తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. అత్తయ్య నా చెవిలో చెప్పేవన్నీ మంచి మాటలు కావు. "ఆ చివరామెని, తాలుకాయ కూడా సంచిలో తోస్తంది, కళ్ళు యాడ పెట్టుకుందో అడుగు" అనేది. నేను, "అమ్మా, తెల్లబారిన తాలుకాయలు విడిగా వెయ్యండి" అనేదాన్ని. నోరే పోయింది కానీ చెవులు బాగానే ఉన్నాయిగా, ఆవిడ నా నడుం మీద గిల్లి, "నేనంది అది కాదు" అనేది. నేను మళ్ళీ అరవాల్సి వచ్చేది. "కళ్ళు ఎక్కడ పెట్టుకున్నారని అత్తయ్య అడుగుతున్నారండీ." అలా తిట్టుకి కూడా 'అండీ' తగిలిస్తే ముప్పై తువ్వాళ్ళ వెనక నవ్వు పొర్లేది. కొన్నాళ్ళకి వాళ్ళే, "ఏమంటందమ్మా మీ అత్త, అసలుది చెప్పు" అని అడిగేవాళ్ళు.

నాకు భయం ఎందుకు లేదో తర్వాత ఆలోచించుకున్నాను. ఆ మాటలు నావి కావు. తప్పయితే అత్తయ్యది, ఒప్పయితే అత్తయ్యది. నేను దారిలాంటిదాన్ని. దారి మీద ఎవరు నడిచినా దారికి సిగ్గెందుకు.

కానీ రెండో కోత నాటికి ఇంకోటి జరిగింది. ఒక మధ్యాహ్నం ఎండ బాగా ఎక్కింది, ఘాటుకి ఒకామె దగ్గుతూ సాలులోనే కూర్చుండిపోయింది. అత్తయ్య అవతలి గట్టున ఎవరితోనో సైగలతో మాట్లాడుతోంది. నేను అరిచాను. "అందరూ పైకొచ్చి నీళ్ళు తాగండి. కాసేపు నీడన కూర్చుని దిగుదురుగాని." వాళ్ళు వచ్చారు. నీళ్ళు తాగుతూ మేస్త్రమ్మ నన్ను పరీక్షగా చూసి, "ఇది మీ అత్త మాట కాదే" అంది.

"కాదు" అన్నాను.

"అయినా బాగానే ఇనపడింది" అని గ్లాసు చేతికిచ్చింది. ఆ సాయంత్రం అత్తయ్య దాని గురించి ఏమీ అనలేదు. గిల్లనూ లేదు.

జూలై నెలాఖరులో ఒక ఆదివారం పొద్దున వదిన, ఆమె భర్త వచ్చారు. వాళ్ళది ఒంగోలు అవతల. వాళ్ళ అమ్మాయి పదో తరగతి మంచి మార్కులతో పాసై గుంటూరులో ఇంటర్‌లో చేరింది. నెల తిరక్కుండానే హాస్టల్ తిండి పడక పచ్చకామెర్లు వచ్చి ఇంటికొచ్చేసింది. పిల్ల సగమైపోయింది, చదువు మాననంటోంది. గుంటూరులో ఒక గది తీసుకుని, ఎవరైనా పక్కనుండి వండి పెడితే తప్ప కుదరదు. వదినకేమో ఇంట్లో మంచాన పడిన మావగారు ఉన్నారు, గేదెలున్నాయి. ఇదంతా నిజమే. ఆమె కల్లబొల్లి కష్టం చెప్పుకోలేదు.

నేను వంటింట్లో పెసరట్లు పోస్తున్నాను. వాళ్ళు వరండాలో మాట్లాడుకుంటున్నారు. మధ్యలో గోడ ఉన్నా కిటికీ తెరిచే ఉంది.

"మీ ఆవిడైతే బాగా చూసుకుంటది" అని వదిన మా ఆయనతో అంటోంది. "రెండేళ్ళేగా. నెలకోసారి వచ్చి పోతది."

"మరి మా పాప?" అన్నారాయన.

"పాప ఇక్కడే ఉంటది. అమ్మ ఉందిగా. బడి మారిస్తే పిల్ల ఇబ్బంది పడదా?"

"ఒకమాట ఆమెనడగాలి గదా" అన్నారు మా ఆయన, నెమ్మదిగా.

"ఆమేమంటది? ఏమీ అనదు" అంది వదిన. అందులో వెక్కిరింపు లేదు. మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి చెప్పినట్టే చెప్పింది. అందుకే అది నాకు అంత గట్టిగా తగిలింది. పెనం మీద అట్టు మాడిన వాసన వచ్చేదాకా నేను కదల్లేదు.

టిఫిన్లు తీసుకుని వరండాలోకి వెళ్ళాను. పళ్ళేలు అందించాక అత్తయ్య నన్ను చెయ్యి ఊపి పిలిచింది. అలవాటుగా వెళ్ళి వంగాను. అందరూ తినడం ఆపి మా వైపు తిరిగారు. అత్తయ్య ఏదైనా చెప్పబోతే అందరూ నా మొహం వైపే చూడడం అప్పటికి మామూలైపోయింది.

అత్తయ్య నా చెవిలో చెప్పింది. "వచ్చే ఆదివారం వస్తదని చెప్పు. గది చూసుకోమను."

నేను నిటారుగా నిలబడ్డాను. ఏం జరిగిందో ఇప్పటికీ మెల్లగా, ఒక్కో ముక్కగా గుర్తొస్తుంది. అత్తయ్య చెప్పింది చెప్పకుండా మింగేద్దామా అనిపించింది ముందు. వినపడలేదందామా అనిపించింది. అన్ని నెలలుగా ఆవిడ మాటని ఒక్క అక్షరం దాచకుండా చేరవేశాను. అది ఆవిడకి నేనిచ్చిన మాట లాంటిది. దాన్ని తప్పాలని లేదు. అక్కడ అబద్ధమాడి తప్పించుకుంటే నేను మళ్ళీ ఆ ఆరో తరగతి పిల్లనే అవుతాను.

"వచ్చే ఆదివారం నేను గుంటూరు వస్తానని, గది చూసుకోమని అత్తయ్య చెప్పమంటున్నారు" అన్నాను.

వదిన మొహం తేలికపడింది. "హమ్మయ్య" అని పళ్ళెం దగ్గరికి లాక్కుంది.

"అది అత్తయ్య మాట. నా మాట వేరే ఉంది" అన్నాను. "నేను రాను వదినా."

నేను అరవలేదు, గొణగలేదు. పొలంలో దగ్గర సాలువాళ్ళతో మాట్లాడే గొంతు అది. అన్నయ్య పళ్ళెంలోకి చూస్తూ ఉండిపోయారు. ఆడపడుచు భర్తని మేం అన్నయ్య అనే పిలుస్తాం. వదిన నన్నే చూస్తోంది, నేను ఇంకేదో చెప్పి సర్దుకుంటానని ఎదురుచూస్తున్నట్టు.

"నా కూతురికి ఆరేళ్ళు" అన్నాను. "దాన్ని వదిలిపెట్టి రెండేళ్ళు ఉండలేను. ఇక్కడ నాకు పని కూడా ఉంది. అమ్మాయికి పచ్చళ్ళూ పొడులూ చేసి పంపుతాను. సెలవులిస్తే ఇక్కడికి పంపండి, చూసుకుంటాను. కానీ గుంటూరులో ఉండడానికి మాత్రం రాను."

"మా పిల్ల సంగతి నీకు పట్టదా?" అంది వదిన.

"పడుతుంది. అయినా రాలేను."

"అంత నోరు ఎప్పుడొచ్చింది నీకు?" అంది. ఆ గొంతులో కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ.

అప్పుడు మా ఆయన పళ్ళెం కింద పెట్టి, "ఆమె రానంటంది గదక్కా. ఇంకేదైనా దారి చూద్దాం" అన్నారు. ఆయనకి అది చిన్న మాట కాదు. తల్లి ఎదురుగా, అక్క ఎదురుగా ఆయన అంత మాట అనడం నేనెప్పుడూ వినలేదు. అత్తయ్య లేచి, ఎవరినీ చూడకుండా, పెరట్లోకి వెళ్ళిపోయింది.

వంటింట్లోకొచ్చి పెనం మీద మాడిన అట్టు గీకి పారేశాను. గెలిచినట్టేమీ అనిపించలేదు. ఒకరి ఇంట్లో వస్తువేదో తీసి దాచుకున్నట్టు అనిపించింది. వదిన వాళ్ళు భోజనానికి ఆగకుండా వెళ్ళిపోయారు. వాళ్ళ బండి మలుపు తిరిగేదాకా గేటు దగ్గర నిలబడ్డాను. వెనక్కి పిలిచి వస్తానని చెప్పేస్తానేమోనని నాకే భయం వేసింది. చెప్పలేదు.

అత్తయ్య ఆ రోజు నుంచి నా చెవి దగ్గరికి రాలేదు. ఏం కావాలన్నా చేత్తో చూపించేది. లేదంటే లేచి తనే తెచ్చుకునేది. మా ఇల్లు అంతకు ముందెన్నడూ అంత నిశ్శబ్దంగా లేదు. నేను పుట్టినప్పటి నుంచీ నిశ్శబ్దంలోనే బతికినా, ఎదుటి మనిషి నాతో మాట్లాడకపోతే ఎలా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. నాతో బతికినవాళ్ళకి ఇన్నేళ్ళూ ఇలాగే ఉండేదా అనుకున్నాను. నేను సిగ్గు అనుకున్నది వాళ్ళకి కోపంలా కనిపించిందేమో. పన్ను నొప్పి నాడు మా ఆయన "చెప్పొచ్చుగా" అన్నది విసుగుతో కాదేమో.

ఇంకో సంగతి కూడా ఆ రోజుల్లోనే తట్టింది. నేను గుంటూరు వెళ్ళిపోతే అత్తయ్య మాట కూడా నాతో వెళ్ళిపోయేది. పొలంలో, ఫోనులో, పాలవాడి దగ్గర ఆవిడ మళ్ళీ గరిటెతో పళ్ళెం కొట్టుకోవాల్సి వచ్చేది. అది ఆవిడకి తెలియక కాదు. తెలిసే, కూతురి కోసం వదులుకుంది. ఆవిడ అడిగింది తప్పే, కానీ ఊరికే అడగలేదు. ఇది తెలిశాక నాకు కోపం తగ్గింది. నా నిర్ణయం మాత్రం మారలేదు. ఆ రెండూ ఒకేసారి ఒక మనిషిలో ఉండొచ్చని నాకు అంతకు ముందు తెలియదు.

రెండు వారాల తర్వాత ఒక సాయంత్రం వదిన ఫోను చేసింది. నేనే ఎత్తాను. "అమ్మకివ్వు" అంది, ఇంకో మాట లేకుండా. ఇచ్చి ఏం లాభం, ఆవిడ గాలి మాట ఫోనులో వినపడదు. అప్పటిదాకా నేనే మధ్యలో ఉండి చెప్పేదాన్ని. ఫోను పట్టుకుని అత్తయ్య దగ్గరికి వెళ్ళాను. ఆవిడ గోడకి ఆనుకుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. నన్ను చూసి, ఫోను చూసి, చేట పక్కన పెట్టి వంగమని సైగ చేసింది. వంగాను.

"తననే గుంటూరు పొమ్మని చెప్పు దానికి. తన పిల్లకి తనే వండిపెట్టుకోమను. ముసలాయన్ని అల్లుడు చూసుకుంటాడు, ఆయన నాన్నేగా. ఇట్టా చెప్పు."

ఆ మాట వినగానే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా అది నేను చెప్పాల్సిన మాట కాదనిపించింది. నేను చెబితే అది నా మాటే అనుకుంటుంది వదిన. తల్లి చెప్పిందంటే ఎప్పటికీ నమ్మదు.

"ఇది మీరే చెప్పాలత్తయ్యా" అన్నాను.

ఆవిడ తన గొంతు మీద చెయ్యి పెట్టుకుని చూపించింది.

ఫోను స్పీకరులో పెట్టి, ఆవిడ పెదాలకి ఆనేంత దగ్గరగా పట్టుకున్నాను. "వదినా, అత్తయ్య మాట్లాడతారు. సౌండు పూర్తిగా పెంచి, చెవి దగ్గర పెట్టుకుని వినండి" అన్నాను. అత్తయ్య మొదట బిడియపడింది. ఊరంతా వినేలా అరిచిన మనిషి, ఫోను ముందు నోరు తెరవడానికి సిగ్గుపడింది. నేను చెయ్యి చాచి, గట్టు మీద నాకు ఆవిడ చేసినట్టే, పొట్ట మీద పెట్టి కాస్త నొక్కాను. ఆవిడ నా వైపు చూసి, నవ్వాపుకుంటూ నా చెయ్యి తోసేసింది. తర్వాత మాట్లాడింది. ఒక్కో ముక్కా ఆపి ఆపి, ఊపిరి తీసుకుంటూ, అంతా చెప్పింది. అవతల వదిన ఎక్కడా అడ్డురాలేదు. చివరికి, "నీ గొంతు ఇని ఎన్నాళ్ళయిందే అమ్మా" అని ఏడ్చింది. నేను ఫోను అత్తయ్య చేతిలో పెట్టి, చిక్కుళ్ళ చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను.

వదినే గుంటూరు వెళ్ళింది. అన్నయ్య తండ్రికి తనే స్నానం చేయించడం, తనే వండి పెట్టడం నేర్చుకున్నారు. గేదెల్ని తగ్గించేశారు. అంత తేలిగ్గా ఏమీ జరగలేదు, మొదటి ఆరు నెలలు వదిన నాతో మాట్లాడలేదు. నేను పంపిన పచ్చళ్ళ డబ్బాలు మాత్రం ఖాళీ చేసి కడిగి పంపేది. అమ్మాయి ఇంటర్ అయ్యాక వదిన ఇక్కడికొచ్చినప్పుడు, నేను పెరట్లో బట్టలారేస్తుంటే పక్కన నిలబడి చెప్పింది. "నీ మీద కోపం పోవడానికి చాలా కాలం పట్టింది. ఇప్పుడు కూడా మొత్తం పోయిందని చెప్పను." నేను సరేనన్నాను. ఆమె అలా చెప్పడమే నాకు మేలనిపించింది.

అత్తయ్య గొంతు సగం తిరిగొచ్చింది. గరగరమంటుంది, గది దాటి వినపడదు. కోతప్పుడు గట్టు మీద నేనే నిలబడతాను, ఆవిడ నీడన కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. నేనేమీ ధైర్యవంతురాలిని అయిపోలేదు. బడిలో తల్లిదండ్రుల మీటింగు ఉందంటే ముందు రోజు నుంచే నాకు గుండె దడ. చెప్పాల్సిన మాటల్ని ఇప్పటికీ వంటింట్లో ఒకసారి పైకి అనుకుని చూసుకుంటాను. కొన్ని చెబుతాను, కొన్ని మిగిలిపోతాయి.

మొన్న తొలకరికి ముందు దిగువ చేలో ఏం వెయ్యాలని తల్లీ కొడుకులు మాట్లాడుకుంటున్నారు. రెండేళ్ళుగా అక్కడ మిరపకి తెగులు తగులుతోంది. మాట మధ్యలో అత్తయ్య నా వైపు తిరిగి, "నువ్వేమంటావమ్మాయ్?" అంది.

ఎప్పుడూ అడగని ప్రశ్న. "రేపు పొద్దున చెబుతాను" అన్నాను.

"రేపటిదాకా ఎందుకు?" అన్నారు మా ఆయన.

"నన్ను ఇప్పుడేగా అడిగారు. ఆలోచించుకోవాలి."

వాళ్ళు ఆగారు. మర్నాడు తెల్లారి ఒక్కదాన్నే దిగువ చేలోకి వెళ్ళి, గట్ల వెంట ఒకసారి తిరిగి, నిరుడు నీళ్ళు నిలిచిన చోటు చూసుకుని ఇంటికొచ్చాను. పత్తి వేద్దామన్నాను. ఎందుకో చెప్పాను. అత్తయ్య కాదంది. ఆయన అవునంటూనే ఇంకేదో అన్నారు. గంటసేపు నాతో వాదించారిద్దరూ, నేనూ వాదించాను, కాఫీ చల్లారిపోయింది. నాతో అంతసేపు ఎవరైనా వాదించడం నా జీవితంలో అదే మొదలు. చివరికి సగం పత్తి, సగం మిరప వేశాం.